చెవి పోటు పుట్టింటి నుంచి వచ్చిందా, అత్తింటి నుంచా?

కోనసీమలో ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే అంగన్‌వాడీలో సగం మంది పిల్లలకి ముక్కులు కారుతుంటాయి. వాళ్లలో ఎక్కువమందికి వారం తిరిగేసరికి తగ్గిపోతుంది. కొందరికి మాత్రం మూడో రాత్రో నాలుగో రాత్రో చెవి పోటు మొదలవుతుంది, పిల్లాడు చెవి లాక్కుంటూ రాత్రంతా ఏడుస్తాడు, తెల్లారి చూస్తే దిండు మీద చీము మరక. ఒకే ఇల్లు, ఒకే గది, ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న ఒకే జలుబు, అయినా అన్నకి ముక్కుతో ఆగిపోయింది, చెల్లికి ప్రతిసారీ చెవి దాకా వెళ్తోంది. ఎందుకు?

అమలాపురం నుంచి నరసాపురం దాకా ఎవరిని అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది. కాలవలో మునిగాడంటారు. తల్లి పథ్యం సరిగ్గా చెయ్యలేదు, బిడ్డ పాలు తాగే రోజుల్లో చలవ చేసేవి తినేసింది అంటారు. లేదా, "వాళ్ల వంశమే అంత, వాళ్ల నాన్నకీ చిన్నప్పుడు చెవి కారేది" అంటారు. కాలవ మాట చాలావరకు తప్పు. పథ్యం మాట పూర్తిగా తప్పు, పైగా బాలింతకి అన్యాయం. వంశం మాటలో మాత్రం నిజం ఉంది, మనం అనుకునే దానికంటే ఎక్కువే ఉంది. ఇబ్బందల్లా ఆ నిజాన్ని పట్టుకుని మనవాళ్లు చేసే పనితోనే. వంశంలో ఉంది కదా, ఎలాగూ వస్తుంది, పెద్దయితే అదే పోతుందని ఊరుకుంటారు. వంశంలో ఉన్నప్పుడు ఊరుకోవడం ఒక్కటే చెయ్యకూడని పని.

ముందు చెవి లోపల ఏం జరుగుతుందో చూడాలి. కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న ఖాళీ ఉంటుంది, అదే మధ్య చెవి. అక్కడి నుంచి ముక్కు వెనక భాగంలోకి యూస్టేషియన్ గొట్టం అనే సన్నటి దారి ఉంది. మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుని మధ్య చెవిలోకి గాలి పంపుతుంది, లోపల ఊరిన తడిని కిందికి దించేస్తుంది. పెద్దవాళ్లలో ఈ గొట్టం సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవుతో, 45 డిగ్రీల వాలులో ఉంటుంది. పసిబిడ్డల్లో పొడవు అందులో దాదాపు సగమే, వాలు 10 డిగ్రీలు మాత్రమే, అంటే దాదాపు బల్లపరుపు. సముద్రం పోటు మీదున్నప్పుడు వాలు లేని డ్రెయిన్లో నీళ్లు దిగకపోగా వెనక్కి తన్నడం డెల్టా రైతుకి కొత్తగా చెప్పక్కర్లేదు, పసిపిల్లల చెవిలో జరిగేదీ అదే. జలుబు వైరస్ వల్ల గొట్టం లోపలి పొర వాచిపోతుంది, దారి మూసుకుంటుంది, మధ్య చెవిలో తడి నిలిచిపోతుంది. ముక్కు వెనక అప్పటికే మకాం వేసి ఉన్న న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, మొరాక్సెల్లా లాంటి బాక్టీరియా ఆ నిల్వ తడిలోకి ఎక్కి పెరుగుతాయి. చీము తోసుకొచ్చి కర్ణభేరి ఉబ్బితే పోటు, చిల్లు పడితే చెవి కారడం. ఇది ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు ఎక్కువ, ఏడేళ్లు వచ్చేసరికి గొట్టం పెద్దవాళ్ల ఆకారానికి దగ్గరపడుతుంది కాబట్టి అప్పటికి చాలామందికి తగ్గిపోతుంది.

ఇక్కడే కాలవ మాట తేలిపోతుంది. కర్ణభేరి గట్టిగా ఉన్న పిల్లాడికి బయట నుంచి చెవిలోకి వెళ్లిన నీళ్లు మధ్య చెవిలోకి వెళ్లలేవు. ఈతవల్ల వచ్చేది బయటి చెవి గొట్టంలో దురద, వాపు, అది వేరే జబ్బు. అప్పటికే కర్ణభేరికి చిల్లు ఉన్న పిల్లల సంగతి మాత్రం పూర్తిగా వేరు, వాళ్ల చెవిలోకి కాలవ నీళ్లే కాదు, తలంటు పోసేటప్పుడు నుయ్యి నీళ్లు వెళ్లినా మళ్లీ కారడం మొదలవుతుంది. పథ్యం సంగతికొస్తే, తల్లి పెరుగు తిన్నా పులుపు తిన్నా బిడ్డ చెవికి ఏమీ చెయ్యదు. తల్లిపాలు తాగే పిల్లల్లో చెవి ఇన్‌ఫెక్షన్లు తక్కువ అనేదే ఎన్నో దేశాల్లో పదే పదే కనిపించిన విషయం. బిడ్డ చెవి కారిందని తల్లి పళ్లెంలోంచి పెరుగూ పళ్లూ తీసేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, చెవిని కాపాడుతున్న పాలని ఇచ్చే మనిషికే తిండి తగ్గిస్తున్నారన్నమాట.

సరే, వంశం. ఇది ఎంత నిజమో తెలుసుకోవడానికి కవల పిల్లలకంటే మంచి దారి లేదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకి జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు అండాల కవలలకి మామూలు అన్నదమ్ముల్లాగే సగటున సగం కలుస్తాయి. ఇల్లు, తిండి, జలుబు తెచ్చే చుట్టాలు రెండు రకాల కవలలకీ సమానమే. అలాంటప్పుడు ఒకే అండం కవలలు చెవి జబ్బులో ఒకరినొకరు ఎక్కువగా పోలి ఉంటే, ఆ అదనపు పోలిక జన్యువుల నుంచే రావాలి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కవలలని, ముగ్గురేసి పుట్టినవాళ్లని పుట్టిన దగ్గర్నుంచి నెలనెలా చూస్తూ చేసిన పరిశోధన 1999లో అచ్చయింది. మొదటి రెండేళ్లలో మధ్య చెవిలో నీరు ఎంతకాలం నిలిచి ఉందనే దాంట్లో పిల్లకీ పిల్లకీ మధ్య కనిపించిన తేడాల్లో 73 శాతం జన్యువుల లెక్కలోకి వచ్చింది. నార్వేలో అంతకు రెండేళ్ల ముందు వేల జంటల కవలలని అడిగి చేసిన లెక్కలో ఆడవాళ్లలో 74 శాతం, మగవాళ్లలో 45 శాతం. ఇంగ్లండ్ కవలల్లో రెండేళ్ల వయసులో సుమారు సగం, నాలుగేళ్లకి 71 శాతం. పద్ధతులు వేరు, దేశాలు వేరు, అయినా అంకెలన్నీ దాదాపు సగానికీ మూడొంతులకీ మధ్యే తిరుగుతున్నాయి. ఇంత మామూలు జబ్బులో జన్యువుల వాటా ఇంత పెద్దదని చాలామంది ఊహించరు.

ఈ శాతాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే తప్పుగా అర్థం చేసుకునే అవకాశం చాలా ఎక్కువ. 73 శాతం అంటే ఫలానా పిల్లాడి చెవి పోటులో 73 పాళ్లు జన్యువులవల్ల, 27 పాళ్లు గాలివల్ల అని కాదు. ఒక గుంపులో పిల్లల మధ్య తేడాలు ఎక్కడి నుంచి వస్తున్నాయనే లెక్క అది. ఆ గుంపులో అందరి ఇళ్లూ దాదాపు ఒకేలా ఉంటే, అందరికీ టీకాలు పడితే, ఎవరింట్లోనూ కట్టెల పొయ్యి లేకపోతే, మిగిలే తేడా జన్యువులదే కనుక శాతం పైకి పోతుంది. అదే ఒక ఇంట్లో గ్యాసు, పక్కింట్లో కొబ్బరి మట్టల పొయ్యి, ఒక ఇంట్లో నలుగురు, ఇంకో ఇంట్లో ఒకే గదిలో తొమ్మిదిమంది ఉన్న చోట అదే జన్యువుల వాటా తగ్గిపోతుంది. పిట్స్‌బర్గ్ అంకెని తెచ్చి లంక గ్రామాల పిల్లల మీద అలాగే పెట్టడం కుదరదు.

ఇంతకీ వంశంలో దిగేది ఏమిటి? చెవి పోటు అనే జబ్బు దిగదు. దానికి దారి ఇచ్చే చిన్న చిన్న తేడాలు దిగుతాయి. పిల్ల పుట్టగానే ముక్కు మేనత్తది, గడ్డం తాతది అని పోలికలు చూస్తాం కదా, పైకి కనిపించే ఆ ముఖం ఎముకల ఆకారంతో పాటు లోపల అంగిలి పొడవు, యూస్టేషియన్ గొట్టం వాలు, దాన్ని తెరిచే కండరం అతుక్కునే చోటు కూడా పోలికగా వస్తాయి, కాకపోతే వాటిని చూసి ఎవరూ ముచ్చటపడరు. మేనత్త పోలికలో మేనత్త చెవి గొట్టం కూడా ఉండొచ్చు. ఆమెకి చిన్నప్పుడు చెవి కారేదేమో ఎవరికీ గుర్తుండదు.

రెండోది గొట్టం లోపలి పొర. దాని మీద సిలియా అనే సన్నటి నూగు ఉంటుంది, అది ఎప్పుడూ ఒకే దిక్కుకి కొట్టుకుంటూ జిగురుని ముక్కు వైపు తోస్తుంది. ఆ జిగురు ఎంత చిక్కగా ఉండాలి, ఎంత ఊరాలి అనేది మ్యూసిన్ అనే ప్రోటీన్లని బట్టి ఉంటుంది, వాటిని తయారుచేసే జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడాలున్నాయి. వీటిలో మ్యుక్‌5బి అనే జన్యువు బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకలకి మధ్య చెవి జబ్బు వచ్చిందని 2014లో తేలింది. అంతకు ముందు 2006లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు జెఫ్, జున్బో అని పేర్లు పెట్టిన రెండు రకాల ఎలుకల్లో ఒక్కో జన్యువులో ఒక్క మార్పుతోనే చెవి జబ్బు వస్తోందని పట్టుకున్నారు. జెఫ్ ఎలుకలో మారిన ఎఫ్‌బీఎక్స్‌ఓ11 అనే జన్యువుకీ పిల్లల చెవి జబ్బుకీ సంబంధం ఉందని మనుషుల్లో చేసిన కొన్ని పరిశోధనల్లో కూడా కనిపించింది.

మూడోది రోగనిరోధక శక్తి. ఒకే సూక్ష్మజీవికి ఒకరి ఒళ్లు మెల్లగా స్పందిస్తుంది, ఇంకొకరిది ఉరికినట్టు స్పందించి వాపు పెంచేస్తుంది. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేతాలని ఎక్కువగా తయారుచేసే జన్యు తేడాలకీ, మాటిమాటికీ చెవి పోటు రావడానికీ సంబంధం ఉందని కొన్ని పరిశోధనలు చూపించాయి. చెవి లోపల నొప్పి, మూత, తడి ఎక్కువగా పుట్టించేది ఆ వాపే.

అన్నిటికంటే ఆసక్తికరమైనది మాత్రం రక్తం గ్రూపుతో ముడిపడిన ఎఫ్‌యూటీ2 అనే జన్యువు. మన రక్తం గ్రూపుని చెప్పే చక్కెర గుర్తులు రక్తకణాల మీదే ఉంటాయనుకుంటాం. ఈ జన్యువు సరిగ్గా పనిచేసేవాళ్లలో అవి లాలాజలంలో, ముక్కు జిగురులో, గొంతు పొరల మీద కూడా ఉంటాయి. యూరప్ సంతతి వాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఇది పనిచెయ్యదు. బాక్టీరియా, వైరస్‌లు పొరకి అతుక్కోవడానికి ఇలాంటి చక్కెర గుర్తులనే పట్టుకుంటాయి కాబట్టి, అవి ఉండటం లేకపోవడం వల్ల ముక్కు వెనక ఏ సూక్ష్మజీవులు కాపురం పెడతాయనేది మారిపోతుంది. తరతరాలుగా చెవి జబ్బు ఉన్న కుటుంబాల్లో ఎఫ్‌యూటీ2 మార్పులు ఆ జబ్బుతో పాటే దిగుతున్నాయని 2018లో ఒక అంతర్జాతీయ బృందం చూపించింది. మరి ఇలాంటి మార్పు ఇన్ని వేల ఏళ్లుగా మనుషుల్లో ఎందుకు మిగిలింది? ఇదే మార్పు ఉన్నవాళ్లకి వాంతులు విరేచనాలు తెచ్చే కొన్ని నోరోవైరస్ రకాలు అంత తేలిగ్గా పట్టవు. ఆ కుటుంబాల్లో చెవికి చెడు చేసినట్టు కనిపించినది పొట్టకి మేలు చేస్తోంది. దీన్ని చెడ్డ జన్యువు అనడానికి లేదు.

ఒక్క జన్యువుతో తేలిపోయే లక్షణాలు మనుషుల్లో లేకపోలేదు. చెవిలో గులిమి తడిగా ఉంటుందా పొడిగా ఉంటుందా అనేది ఏబీసీసీ11 అనే ఒకే ఒక్క జన్యువు నిర్ణయిస్తుందని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. చెవి పోటు అలా కాదు. 2017లో యూరప్ సంతతికి చెందిన రెండు లక్షల మందికి పైగా జన్యు సమాచారంతో చేసిన ఒక పెద్ద పరిశోధనలో, చిన్నప్పటి చెవి ఇన్‌ఫెక్షన్‌తో సంబంధం ఉన్న చోట్లు 14 దొరికాయి. వాటిలో ఎఫ్‌యూటీ2 ఉంది, రక్తం గ్రూపు జన్యువు ఏబీఓ ఉంది, ముఖం, చెవి తయారీలో పాలుపంచుకునే టీబీఎక్స్1 ఉంది. ఒక్కొక్కటి తెచ్చే ముప్పు చాలా చిన్నది. ఇలాంటివి ఎన్నో కలిస్తేనే పిల్లకి చెవి పోటు అలవాటవుతుంది. అందుకే ఒక రక్తపరీక్ష చేసి "మీ బాబుకి చెవి పోటు జన్యువు ఉంది" అని చెప్పే పరిస్థితి లేదు, ఎవరైనా ఆ పేరుతో ప్యాకేజీ అమ్మితే డబ్బులు పెట్టక్కర్లేదు. ఇంకో ముఖ్యమైన లోటు కూడా ఇందులోనే ఉంది. ఇలాంటి పెద్ద పరిశోధనల్లో ఎక్కువ భాగం యూరప్ సంతతి వాళ్ల మీదే జరిగాయి, గోదావరి పిల్లల చెవులకి ఏ తేడాలు ముఖ్యమో అవి చెప్పలేవు.

మన దగ్గర ఈ విషయాన్ని ప్రత్యేకంగా చూడాల్సిన కారణం ఉంది, అది మేనరికం. అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం డెల్టాలో తగ్గింది గానీ పోలేదు. లెక్క ఇలా ఉంటుంది. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే, పుట్టే బిడ్డలో ఏ జన్యువు తీసుకున్నా దాని రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి దగ్గర్నుంచి వచ్చిన ఒకే కాపీ కావడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం. బావా మరదళ్లయితే పదహారింట ఒక వంతు. రెండు కాపీలూ చెడితేనే బయటపడే అరుదైన జబ్బులు ఇలాంటి ఇళ్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. మామూలు చెవి పోటు మాత్రం ఎన్నో జన్యువుల కలగలుపు కాబట్టి, దాన్ని మొత్తంగా మేనరికం నెత్తిన వేయడం సబబు కాదు. చెవి కారుతున్న ప్రతి పిల్ల తల్లిదండ్రులనీ "మేనరికమా?" అని అడిగి అపరాధ భావంలోకి నెట్టడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

అయితే ఎక్కడ ఉపయోగం ఉంది? సిలియా పుట్టుకతోనే కదలని జబ్బు ఒకటుంది, ప్రైమరీ సిలియరీ డిస్కినీసియా అంటారు. దాదాపు ఎప్పుడూ రెండు కాపీలూ చెడితేనే వస్తుంది. ఆ పిల్లలకి పుట్టిన రోజుల నుంచే ముక్కు పట్టేసి ఉంటుంది, ఏడాది పొడవునా తడి దగ్గు, చెవుల్లో ఎప్పుడూ నీరు, వాళ్లలో దాదాపు సగం మందికి గుండె కుడివైపున ఉంటుంది. మేనరికం ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే చెవి మందు రాసి పంపేస్తే సరిపోదు, ఊపిరితిత్తుల సంగతి కూడా చూడాలి. యాంటీబాడీలే తయారుకాని బ్రూటన్ జబ్బు దారి వేరు. అది తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీద వచ్చి మగపిల్లలకి తగులుతుంది, తల్లి నుంచి వచ్చిన రక్షణ అయిపోయే ఆరు నెలల తర్వాత చెవి పోట్లు, న్యుమోనియాలు వరస కడతాయి. తల్లి వైపు మేనమామలెవరైనా పసితనంలో ఇన్‌ఫెక్షన్లతో పోయారా అన్న ప్రశ్న ఇక్కడ ప్రాణం కాపాడుతుంది. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో గొట్టాన్ని తెరిచే కండరం సరిగ్గా పనిచెయ్యదు, దాదాపు అందరికీ చెవిలో నీరు చేరుతుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లలకి గొట్టం మరీ సన్నం. ఈ పిల్లలకి చెవి పోటు వచ్చేదాకా ఎదురు చూడకూడదు, నొప్పి లేకపోయినా వినికిడి చూపిస్తూ ఉండాలి.

మేనరికం చేసుకోని ఇళ్లు కూడా ఈ లెక్క నుంచి పూర్తిగా తప్పించుకోలేవు. కులం లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వందల ఏళ్లు గడిపిన సమాజం మనది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి పరిశోధన దక్షిణాసియాలో 263 సమూహాలని చూస్తే, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన తీరు ఫిన్లాండ్ ప్రజల్లో కంటే కూడా బలంగా ఉంది. దీనికి తెలుగువాళ్లకి బాగా దగ్గరి ఉదాహరణ ఉంది. పెనుగొండని పుణ్యక్షేత్రంగా కొలిచే ఆర్యవైశ్యుల్లో ఒక ఎంజైము లోపం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ, దానివల్ల ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం గంటల తరబడి దిగదు. అది తెలిసిన మత్తు డాక్టర్లు ముందే అడిగి జాగ్రత్తపడతారు. చెవి విషయంలో ఇలాంటిది ఫిలిప్పీన్స్‌లో దొరికింది. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే ఒక ఆదివాసీ సమూహంలో దాదాపు సగం మందికి చెవి జబ్బు ఉంటే, వాళ్ల జన్యువులు చదివిన బృందం ఏ2ఎంఎల్1 అనే జన్యువులో ఎనిమిది డీఎన్‌ఏ అక్షరాలు రెండుసార్లు రాసినట్టు ఉన్న మార్పుని 2015లో పట్టుకుంది. అదే మార్పు అమెరికాలోని టెక్సస్‌లో మాటిమాటికీ చెవి పోటు వచ్చే కొందరు పిల్లల్లోనూ కనిపించింది. డెల్టాలో మూడు తరాలుగా చెవి కారుతున్న కుటుంబాల వంశవృక్షాలు గీసి, రక్త నమూనాలు తీసుకుని చూస్తే మన దగ్గర ఏం బయటపడుతుందో చూడదగ్గ విషయం, కావలసిన పెద్ద కుటుంబాలు, తాతముత్తాతల పేర్లు గుర్తున్న పెద్దవాళ్లు, కాకినాడ లాంటి చోట మెడికల్ కాలేజీ, అన్నీ ఇక్కడే ఉన్నాయి.

కానీ జన్యువుల మీద ఈ ఆసక్తి ఇంకో వైపుకి జారకూడదు. ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లల్లో చెవి జబ్బు ప్రపంచంలోనే చాలా ఎక్కువ. వాళ్ల జాతిలోనే ఏదో ఉందని చెప్పేయడం తేలిక. చూస్తే ఇరుకు ఇళ్లలో ఆ పిల్లల ముక్కుల్లో బాక్టీరియా పుట్టిన కొన్ని వారాలకే మకాం వేస్తోంది, ఎంత తొందరగా మకాం వేస్తే అంత తొందరగా మొదటి చెవి పోటు, మొదటిది ఎంత తొందరగా వస్తే అది మళ్లీ మళ్లీ రావడం అంత ఎక్కువ. జన్యువు అనే మాట ఇల్లు, నీళ్లు, పొగ గురించి మాట్లాడకుండా తప్పించుకోవడానికి సాకు అయిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వరద వచ్చి నెల రోజులు గట్టు మీద టార్పాలిన్ కింద గడిపిన లంక పిల్లకి చెవి కారితే దానికి వంశాన్ని తిట్టడం అన్యాయం.

ఈ రెండూ ఎలా కలుస్తాయన్నదే అసలు సంగతి. వాలు తక్కువైన గొట్టంతో పుట్టిన పిల్లకి జలుబు రాకపోతే చెవి పోటు లేదు. సిలియా కాస్త మెల్లగా కొట్టుకునే పిల్ల ఇంట్లో లంక పొగాకు చుట్ట కాలిస్తే, సాయంత్రం దోమలకని కొబ్బరి డొక్కల పొగ పెట్టి తలుపులు మూస్తే, ఆ మిగిలిన కాస్త సిలియా కూడా పనిచెయ్యడం మానేస్తుంది. పొగాకు పొగ ఉన్న ఇళ్లలో పిల్లల చెవి పోట్లు ఎక్కువ అన్నదానికి సాక్ష్యం గట్టిగా ఉంది. చంటిబిడ్డకి స్నానం చేయించాక ముఖం మీదికి పట్టే సాంబ్రాణి కూడా ఆ ముక్కుకి పొగే. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడితే పాలు ఆ బల్లపరుపు గొట్టం వైపు వెళ్తాయి, తల కాస్త పైకెత్తి పట్టడానికి ఖర్చేమీ లేదు. న్యుమోకాకస్ టీకా 2021 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ టీకాల్లో చేరింది, ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, ఏఎన్‌ఎం దగ్గర ఉచితంగానే. ఇది అన్ని చెవి పోట్లనీ ఆపదు, కారణమయ్యే బాక్టీరియాల్లో ఒకదాని మీదే పనిచేస్తుంది, కానీ తల్లిదండ్రులిద్దరికీ చిన్నప్పుడు చెవి కారిన ఇంట్లో అందులో ఒక్క డోసు తప్పినా నష్టమే. వంశం మారదు గానీ చుట్టని అరుగు దాటించవచ్చు.

చెవిలో నూనె గురించి కూడా ఒక మాట. వెల్లుల్లి కాచిన నూనె నాలుగు చుక్కలు పోయడం అమ్మమ్మల కాలం నాటి అలవాటు, ప్రేమతో చేసేదే. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో ఇంట్లో ఎవరికీ కనపడదు, చిల్లున్న చెవిలో నూనె పోస్తే తిన్నగా మధ్య చెవిలోకి పోతుంది, వేడి ఎక్కువైతే కాలుతుంది కూడా. కారే చెవికి కావాల్సింది ఆరిపోవడం. శుభ్రమైన మెత్తటి గుడ్డ ఒత్తిలా చుట్టి చీము తుడుస్తూ, డాక్టరు రాసిన చుక్కలు వేస్తూ, తడి తగలకుండా చూసుకోవాలి. ఆరు నెలల లోపు బిడ్డకి చెవి పోటు అనుమానం వచ్చినా, చెవి వెనక వాపు వచ్చినా, మూతి ఒక పక్కకి వంకరపోయినా, చీము దుర్వాసన వేస్తున్నా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మందుల దగ్గర జన్యువుల మాట ఇంకోసారి వస్తుంది, ఇది చాలామంది డాక్టర్లు అడగని ప్రశ్న. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజెక్షన్లు అందరికీ కొంత వరకు లోపలి చెవికి ప్రమాదమే, కానీ కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఒక చిన్న మార్పు ఉన్నవాళ్లకి మామూలు డోసుతోనే శాశ్వత చెవుడు రావచ్చని 1993లో తెలిసింది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. కాబట్టి అమ్మమ్మకో, పెద్దమ్మకో, మేనమామకో "సూది మందు వేశాక వినపడటం మానేసింది" అనే కథ ఇంట్లో ఉంటే దాన్ని కథలాగా వదిలెయ్యకుండా డాక్టరుకి చెప్పాలి.

అలాగే పుట్టు చెవుడునీ చెవి కారడాన్నీ ఒకే గాటన కట్టకూడదు. పుట్టు చెవుడుకి కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువు పెద్ద కారణం, అక్కడ మేనరికం నిజంగానే ముఖ్యమైన విషయం, అక్కడ చీము ఉండదు, నొప్పి ఉండదు. చెవిలో నీరు నిలిచిన పిల్లకి వచ్చే వినికిడి లోపం చిన్నది, సగటున 25 డెసిబెల్స్ చుట్టూ, అంటే మెల్లగా మాట్లాడితే అందదు, గట్టిగా పిలిస్తే పలుకుతుంది. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, "పరధ్యానం ఎక్కువ" అంటారు, బడిలో "మొద్దు" అంటారు. మాటలు నేర్చుకునే రెండో ఏడు, మూడో ఏడు అంతా అలా మసకగా విన్న పిల్ల ఒత్తులు, చివరి అక్షరాలు మింగేస్తుంది. చెవి పోటు తగ్గాక ఆ నీరు ఎక్కువమందిలో మూడు నెలల్లో దానంతట అదే పోతుంది, కాబట్టి మొదటి నెలలోనే టెన్షన్ పడి ఆపరేషన్ అడగక్కర్లేదు. మూడు నెలలు దాటినా పోకపోతే మాత్రం వినికిడి పరీక్ష చేయించాలి, అవసరమైతే ఈఎన్‌టీ డాక్టర్ కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెడతారు, ముక్కు వెనక అడినాయిడ్ గ్రంథి అడ్డుపడుతుంటే దాని సంగతి చూస్తారు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వైద్య బృందం రావాలి, చెవి ఇన్‌ఫెక్షన్, అంగిలి చీలిక, పుట్టు చెవుడు వాళ్లు చూడాల్సిన జాబితాలోనే ఉన్నాయి. ఆ రోజు పిల్లని బడికి పంపి, అంగన్‌వాడీ టీచర్‌కి ముందే నాలుగు ముక్కలు రాసివ్వాలి. ఇప్పటికి ఎన్నిసార్లు చెవి కారింది, మొదటిసారి ఏ నెలలో, అమ్మానాన్నల్లో ఎవరికి చిన్నప్పుడు ఉండేది, తోబుట్టువుల సంగతేమిటి, తల్లి వైపు తండ్రి వైపు చెవుడు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, మేనరికమా కాదా.